బరువు చూసి కొన్న డిస్కు

నాకు అక్షరాలు నలభై అయిదో ఏట వచ్చాయి. ఈ సంగతి ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదని ఎవరైనా అడిగితే నా జవాబు అదే. సిగ్గు కూడా ఉండేదనుకోండి, అది వేరే మాట. బస్సు బోర్డులు కూడబలుక్కుని, తర్వాత పత్రికల్లో కథలు కూడబలుక్కుని, ఇప్పుడు సొంతంగా నాలుగు వాక్యాలు పెట్టే ధైర్యం వచ్చింది కాబట్టి రాస్తున్నాను. ఆ కాలం తలుచుకుంటే మనుషుల కన్నా ముందు వెలుతురు గుర్తొస్తుంది. పెనుకొండలో ఒక మేడ మీద గది, కిటికీకి నల్లగుడ్డ, ఆ గుడ్డ చిరుగులోంచి నేల మీద పడే మధ్యాహ్నపు ఎండ, దాని పక్కన కంప్యూటర్ తెర మీద ఎవరో పెళ్లికూతురి తల మీంచి నెమ్మదిగా, మరీ నెమ్మదిగా జారే తలంబ్రాలు. పెళ్లయిన నెలకో రెండు నెలలకో డీవీడీ చేతికొస్తే, వీధి వీధంతా ఒకే ఇంట్లో కూర్చుని చూసే రోజులవి. ఆ పెళ్లిళ్లన్నీ అందరికన్నా ముందు నేను చూసేదాన్ని. ఆ గదిలో కూర్చుంటే పగలో రాత్రో, ఏ ఊళ్లో ఉన్నానో తెలిసేది కాదు.

ఆ గది అందరూ 'ఫోకస్ అన్న' అని పిలిచే ఫొటోగ్రాఫరుది. ఆయనకు అసలు పేరు ఒకటుండేది కానీ దానితో ఎవరికీ పని పడలేదు. అన్నం తింటున్నప్పుడు కూడా మనిషిని ఒక కన్ను మూసి చూసేవాడు, అందుకే ఆ పేరు. నేను మొదట గది ఊడవడానికి, ఆల్బమ్‌లలో ఫొటోలు అతికించడానికి చేరాను. అప్పటికి నాకు ముప్పై నిండలేదు. ఆయన వెనక నిలబడి చూసి చూసి, ఏ బొమ్మ నొక్కితే ఏమవుతుందో పట్టేశాను. బ్లేడు బొమ్మ కోస్తుంది, చెయ్యి బొమ్మ జరుపుతుంది, అంతే కదా. ఒకసారి ఆయనకు నడుం పట్టేసి మౌసు నా చేతికి వచ్చింది. ఆ తర్వాత ఆయన అడగలేదు, నేను ఇవ్వలేదు. "ఎంతవరకు చదివినావు పాపా?" అని ఒకరోజు అడిగాడు. "ఏడు" అన్నాను. (ఏడే ఎందుకన్నానో తెలియదు. పది అంటే సర్టిఫికెట్ తెమ్మంటాడని, అయిదు అంటే ఆనదని కాబోలు.) నిజానికి నేను బడి గుమ్మం ఎక్కలేదు.

అబద్ధం ఆడడం సులువే, దాన్ని రోజూ సాకడమే కష్టం. కంప్యూటర్‌లో ఒక్కో పెళ్లికి ఒక్కో ఫోల్డరు ఉండేది, దాని కింద పేరు ఉండేది. ఆ పేర్లు నాకు చీమల బారులు. అందుకని ప్రతి ఫోల్డరుకూ ఒక బొమ్మ పెట్టుకున్నాను. రొద్దం పెళ్లికి తాళంచెవి, ఆమడగూరు పెళ్లికి నక్షత్రం, బుక్కపట్నం పెళ్లికి చెట్టు. అన్న అవి చూసి, "ఏం కళ పాపా నీది!" అని మురిసిపోయేవాడు. ఇక కంప్యూటర్ ఉన్నట్టుండి తెర మధ్యలో ఒక గడి వేసి ఏదో రాసేది. దానికీ నాకొక పద్ధతి ఉంది. రెండు బటన్లుంటే ఎడమది నొక్కాలి, ఒకటే ఉంటే అదే నొక్కాలి. మూడేళ్లు ఆ పద్ధతి మీదే బండి నడిచింది.

ఆ ఏడు ముహూర్తాలు ఎక్కువై కంప్యూటర్ నిండిపోయింది. ఒక గంట టేపు ఎక్కిస్తేనే బోలెడంత చోటు తినేసేది, ఒక్కో పెళ్లికి నాలుగు టేపులు. పైగా మా అన్నకొక అలవాటుంది. టేపులోది కంప్యూటర్‌లోకి ఎక్కిందనగానే, అదే టేపు మీద ఇంకో పెళ్లి తీసేవాడు. అంటే డీవీడీ అయ్యేదాకా ఆ పెళ్లికి ఆధారం కంప్యూటర్ ఒక్కటే. బుక్కపట్నం పెళ్లికూతురి నాయన, చెరువులో చేపలు పట్టే మనిషి, అంతకు వారం ముందే వచ్చి నా పక్కన స్టూలు మీద కూర్చుని కూతురి అప్పగింతలు చూసి వెళ్లాడు. అయిపోయాక, "ఇంగోసారి ఎయ్యమ్మా" అన్నాడు. వేశాను. మళ్లీ వేశాను.

సరే, బయట పెట్టుకునే డిస్కు ఒకటి కొనాలని హిందూపురం బయలుదేరాం. "చిన్నది తీసుకోండి, బీరువాలో పడతాది" అని అన్న భార్య, మా వదిన, ముందే చెప్పి పంపింది. అక్కడ అందరూ కంప్యూటర్ శెట్టి అని పిలిచే ఒకాయన కొట్లో బల్ల మీద మూడు పెట్టెలు పెట్టాడు.

"దాచిపెట్టుకునేకా, దాని మీదే కోసేకా?" అన్నాడు శెట్టి.

"రెండూ" అన్నాడు అన్న.

"అట్లయితే వినుకో. ఈ సిన్నది జోబీలో పడతాది. కంప్యూటర్ వైరుతోనే కరెంటు తాగతాది. దాచేకి బాగుంటాది గానీ, దాని మీద ఎడిటింగ్ అంటే నత్త. ఈ పెద్దవి రెండూ గోడ ప్లగ్గుకి పెట్టాల. అందులో ఒకటి లోపల జోరుగా తిరగతాది, ఇంగోటి మెల్లగా తిరగతాది. ఏది యాది అనేది పెట్టె మీద రాసుండాది. నా కండ్లజోడు ఇంట్లో మర్చిపోయినా, మీరే చూసుకోండప్పా."

"మా పాప ఉండాది కదా! చదువు పాపా" అని రెండు పెట్టెలూ నా చేతుల్లో పెట్టాడు అన్న.

రెండు పెట్టెలూ ఒకే రంగు, ఒకే కొలత. కొట్లో ఉన్నవాళ్లంతా నన్నే చూస్తున్నారు. ఏం చెయ్యాలో తోచక, అంగట్లో టెంకాయ ఎంచుకునేటప్పుడు ఏం చేస్తానో అదే చేశాను. డిస్కులు రెండూ బయటికి తీసి, చెరో అరచేతిలో ఉంచి బరువు చూశాను. ఒక్కోదాన్ని చెవి దగ్గర పెట్టి వేలితో కొట్టి విన్నాను. ("ఆడించొద్దమ్మో!" అని శెట్టి అరవకపోతే ఆడించేదాన్ని కూడా.) చివరికి, "ఇది" అన్నాను.

"ఎందుకు?"

"బరువుండాదన్నా. పెట్టినచోట కదలదు."

శెట్టి ఆ పెట్టెను చేతులు చాచినంత దూరంలో పట్టుకుని, కళ్లు చికిలించి, గుమ్మం వెలుతురులో చాలాసేపు చూశాడు. "అబ్బా! ఇదేనప్పా జోరుది. యాడ పట్టినావయ్యా ఈ పాపని?" అన్నాడు. అన్న ముఖం చూడాలి మీరు, తనే ఆ డిస్కు తయారుచేసినట్టు. డబ్బు తీసుకుంటూ శెట్టి ఇంకో మాట చెప్పాడు. "పెద్ద పెద్ద ఫైళ్లు ఎక్కించే ముందర ఒకసారి ఫార్మాట్ మార్చుకోవాల. లేకుంటే పట్టదు. లోపల కాయితంలో ఉండాది, చూసుకో పాపా." నేను గంభీరంగా తల ఊపాను. ఎట్లా మార్చాలని అడిగితే చెప్పేవాడే. కానీ తెలివైనదాన్నని పేరొచ్చి అయిదు నిమిషాలు కూడా కాలేదు, అప్పుడే దాన్ని పోగొట్టుకోబుద్ధి కాలేదు.

తిరుగు రైల్లో ఆ డిస్కు నా ఒళ్లోనే ఉంది. కిటికీ అవతల బండరాళ్ల గుట్టలు, కోసేసిన శనగ చేలు, మధ్యలో ఒంటరిగా ఒక కానుగ చెట్టు వెనక్కి పోతున్నాయి. ఇంత ఇనప ముక్కలో ఎంతమంది పెళ్లికూతుళ్లు పడతారో అనుకుంటూ కూర్చున్నాను. వాళ్లంతా లోపల చీకట్లో తలలు వంచుకుని వరసగా నిలబడి, నేను పిలిస్తే ఒక్కొక్కరే బయటికి వచ్చేట్టు అనిపించింది. పెనుకొండ వచ్చినా నేను లేవలేదు, అన్న భుజం తట్టి లేపాడు.

ఆ మధ్యాహ్నమే పని మొదలుపెట్టాను. పెట్టెలోని కాగితాన్ని నాలుగు మడతలు వేసి, డిస్కు జారకుండా దాని కింద పెట్టాను. చెట్టు బొమ్మ ఫోల్డరును పట్టుకుని కొత్త డిస్కులోకి లాగాను. కాసేపటికి తెర మీద గడి వచ్చింది. ఒకటే బటను, నొక్కాను. గడి పోయింది. కొత్త డిస్కులో చెట్టు కనిపించింది. సాయంత్రం దాకా పడుతుందనుకున్న పని పావుగంటలో అయిపోయింది. జోరుది కదా మరి, అనుకున్నాను. నా అరచేతుల మీద నాకే గౌరవం కలిగింది. కంప్యూటర్‌లో ఉన్న పాత చెట్టును తీసేసి, చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను. గది ఊడ్చినంత హాయిగా ఉంది.

"ఎక్కిందా?" అన్నాడు అన్న గుమ్మంలోంచి.

"ఎక్కిందన్నా."

ఆయన ఇంకా దేనికీ వాడని బుక్కపట్నం టేపులు నాలుగూ సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. మర్నాడు ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారుల ఇంట పెళ్లి, అది ఆ టేపుల మీదే తియ్యాలి. ఆయన వెళ్లాక నేను అప్పగింతలకు పాట పెడదామని కొత్త డిస్కులో చెట్టును తెరిచాను. ఫొటోలున్నాయి, పాటలున్నాయి. గంటేసి ముక్కలు నాలుగూ లేవు. మూసి మళ్లీ తెరిచాను. డిస్కు తీసి మళ్లీ పెట్టాను. లేవు.

చీకటి పడకముందే అన్న వాళ్లింటి వైపు వెళ్లాను. వదిన అరుగు మీద బియ్యం ఏరుతోంది. "ఏమ్మే, ఈ పక్క వచ్చినావు?" అంది. "ఊరికే వదినా" అని వెనక్కి వచ్చేశాను. ఇంకోసారి వెళ్లి, ఇంకోసారి ఊరికే వచ్చాను.

మర్నాడు పొద్దున తెల్లవారీ వారకముందే స్టేషన్‌కు పరుగెత్తాను. అన్న కెమెరా సంచి భుజానేసుకుని, ధర్మవరం వైపు పోయే ప్యాసింజరు కోసం నిలబడి ఉన్నాడు.

"అన్నా, బుక్కపట్నం టేపులు ఇయ్యి. మళ్లా ఎక్కించాల."

"నిన్ననే ఎక్కిందంటివే?"

"ఎక్కలేదు."

"చెడిపోయిన డిస్కు అంటగట్టినాడా శెట్టి? ఉండు, ఈ పెండ్లి అయిపోనీ. ఆ ఇటుకరాయి తీసుకపోయి ఆయప్ప నెత్తినే పెడతా. ఊరూరా చెప్తా!"

ఊ అంటే చాలు. టేపులు వస్తాయి, నా ఏడో తరగతి నాకుంటుంది, తిట్లు హిందూపురం వెళ్తాయి. ఊ అనడానికి నోరు కూడా తెరిచాను. పాపం, కళ్లజోడు లేని ఆ పెద్దమనిషి గుమ్మంలో నిలబడి నన్ను మెచ్చుకున్న తీరు గుర్తొచ్చింది.

"డిస్కు మంచిదేనన్నా. కంప్యూటర్ ఏందో రాసింది. నాకు చదవను రాదు. ఒక్క అక్షరం రాదు. బడికే పోలేదు నేను."

అన్న సంచి కింద పెట్టాడు. "ఇన్ని పెండ్లిండ్లు కోసినావు కదా పాపా. ఎట్ల?"

"చూసి."

"చూసి..." అన్నాడు ఆయన. రైలు వచ్చి ఆగింది. ఆయన గబగబా టేపులు వెతికి నా చేతుల్లో పోశాడు. "ఇంద. నాకు కావలసినవి ఆడ కొనుక్కుంటా. ఈసారి గడి వస్తే నొక్కొద్దు, వదినని పిలువు. పది పాసయింది ఆమె. ఇంట్లో రోజూ నా తప్పులు చదివేది ఆమే కదా!" అని ఎక్కేశాడు.

టేపులు కొంగులో కట్టుకుని నేరుగా వదిన దగ్గరికి వెళ్లాను. ఆమెను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, తాళంచెవి ఫోల్డరును డిస్కులోకి లాగి చూపించాను. అదే గడి వచ్చింది. వదిన వేలు పెట్టి ఒక్కో ఇంగ్లీషు మాటా కూడుకుంటూ చదివింది. "చోటు లేదంటాంది మే."

"ఖాళీ డిస్కు కదా వదినా!"

"అవును కదా. అదే అబద్ధం చెప్తాంటే, నీకు చదువొచ్చుంటే మాత్రం ఏం చేసేదానివి?"

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ మాటకు నాకెంత బలం వచ్చిందో చెప్పలేను. (వచ్చిన బలమంతా తప్పుదారిన పోయింది. దాచాల్సిన అవసరం తీరిపోయేసరికి నేర్చుకోవాల్సిన తొందర కూడా తీరిపోయింది. చదవడానికి వదిన ఉందిగా అని ఇంకో పదిహేనేళ్లు గడిపేశాను. అప్పటి ఆ మొండిఘటం ఇప్పుడెక్కడైనా ఎదురైతే చెవి మెలిపెట్టి, ఆ తర్వాత ముద్దు పెట్టుకుంటాను.) శెట్టికి ఫోన్ చేస్తే, ఫార్మాట్ మార్చకుంటే పెద్ద ఫైళ్లకు అట్లాగే అంటుందన్నాడు; ఆయన చెప్పినట్టు వదిన ఒక్కోటి చదువుతుంటే నేను నొక్కుతూ ఆ ఫార్మాట్ ఏదో మార్చాం.

తర్వాత మొదటి టేపు పెట్టాను. ఎక్కేదాకా గంటసేపు కదలకుండా చూడాల్సిందే. మేళం మొదలైంది. చెరువు గట్టు మీద పొద్దుటి మంచు, బస్సు దిగుతున్న చుట్టాలు. పెళ్లి పందిట్లో వెనక కట్టిన గుడ్డ మీద మెరుపు కాగితాలతో ఏవో అక్షరాలు అతికించి ఉన్నాయి. వారం పైగా చూస్తున్నాను కానీ ఎవరినీ అడగలేకపోయాను.

"అదేంది వదినా?" అన్నాను.

వదిన ఆ పెళ్లికూతురి పేరు చదివింది. నేను మెల్లగా ఒకసారి పలికి చూసుకుని, టేపు తిరుగుతుండగా ఆ పిల్ల ముఖం వైపు చూస్తూ కూర్చున్నాను.