చెరపకుండా ఉంచిన వాక్యం

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ఒక ఉదయం మా ఇంటి పెరట్లో తొట్టి దగ్గర వంగి వాంతి చేసుకుంటే అందులో రక్తం పడింది. చెంబుతో నీళ్ళు పోసి కడిగేశాను, చొక్కా వేసుకున్నాను, ఏమీ జరగనట్టు కార్యాలయానికి బయలుదేరాను. ఇది ఆరేడేళ్ళ కిందటి మాట. చీకటి ఆ ఉదయమే మొదలైందని చెప్పను, ఎందుకంటే అప్పటికి పన్నెండేళ్ళుగా నేను ఆ చీకటిని సీసాల్లోంచి వంచుకుని తాగుతూనే ఉన్నాను!

నేనెవరో తెలియనివారి కోసం చెబుతాను. తరతరాల కిందట పుదుచ్చేరి చేరి, తమిళం మధ్య ఇంటి తెలుగును కాపాడుకుంటూ వచ్చిన కుటుంబం మాది. పగలు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాను, సాయంత్రమైతే వేదికల మీద నాస్తికుణ్ణి. తాయెత్తులు కట్టేవాళ్ళనూ, జాతకాలతో పెళ్ళిళ్ళు చెడగొట్టేవాళ్ళనూ, కులం పేరు చెప్పి మనిషిని గడప బయట నిలబెట్టేవాళ్ళనూ పేరుపేరునా ఉతికేవాణ్ణి. ఆ యుద్ధానికి నేను ఈనాటికీ సిగ్గుపడను, మన సంఘాల్లో ప్రార్థన నూనె అని సీసాలు అమ్ముకునేవాళ్ళను చూసినప్పుడు ఆ పాత కోపం ఇప్పటికీ లేస్తుంది. భయమే దేవుణ్ణి పుట్టించిందని నేను గొంతెత్తితే జనం ఈలలు వేసి చప్పట్లు కొట్టేవారు. అట్లాంటివాణ్ణి ఆ ఉదయం తొట్టి దగ్గర వణికిపోయాను సహోదరులారా! చావంటే భయం. ఆ భయాన్ని ఎవరితో చెప్పుకోను? భార్యతో చెబితే ఏడుస్తుంది, స్నేహితులతో చెబితే నవ్వుతారు, దేవుడితో చెబుదామంటే ఆయన లేడని ఊరంతా చాటింది నేనే.

దానికి ఏడాది ముందు నుంచే నేను ఒక గ్రంథాలయానికి వెళుతూ ఉండేవాణ్ణి. వైట్ టౌన్‌లో, అంటే పాత ఫ్రెంచివాళ్ళ పేటలో, సముద్రానికి రెండు వీధుల ఇవతల, పసుపు గోడల పాత ఇంటి మేడ మీద ఉండేది అది. పాస్టర్ల కోసం, వేదాంతం చదువుకునేవారి కోసం పెట్టిన క్రైస్తవ గ్రంథాలయం. ఇప్పుడు తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది వాసన, పాత కాగితం, మైదా జిగురు, కిటికీలోంచి వచ్చే ఉప్పుగాలి, మూడూ కలిసిన వాసన. ఆదివారం ప్రసంగం సిద్ధం చేసుకోవడానికి సైకిళ్ళ మీద వచ్చే పాస్టర్లు చెప్పులు మెట్ల కింద విడిచి, చెమట తుడుచుకుని, చెక్క సొరుగుల్లో కార్డులు తిరగేసేవారు. రాలేని పల్లెల వారికి పుస్తకాలను గోధుమరంగు కాగితంలో చుట్టి తపాలాలో పంపేవారు. ఏ వచనానికి ఏ పుస్తకంలో వివరం ఉందో అడిగితే చాలు, ఆ గ్రంథపాలకుడు లేచి నడిచి సరిగ్గా ఆ పుస్తకమున్న బీరువా తలుపే తీసి నిలబడేవాడు. ఆయన పేరు ఎ. జ్ఞానమణి. అరవై దాటిన మనిషి, తెల్ల చొక్కా, జేబులో ఎప్పుడూ ఒక రబ్బరు ముక్క.

నేను అక్కడికి వెళ్ళింది భక్తితో కాదు. క్రైస్తవం మీద వరుసగా ఉపన్యాసాలు ఇవ్వాలని, దానికి మందుగుండు ఏరుకోవడానికి వెళ్ళాను. మొదటి రోజే గుమ్మంలో నిలబడి మా ఇంటి తెలుగులోనే అన్నాను, "అయ్యా, మీ వేదాన్ని ఉతికి ఆరేసేదానికి వచ్చినాను. పుస్తకాలిస్తారా, ఇయ్యరా?"

ఆయన కళ్ళద్దాలు సర్దుకుని, "ఏది ముందు ఉతుకుతావు తంబీ, పాత నిబంధనా, కొత్తదా? పాతదైతే ఆ మూల బీరువాలో ఉండాది. కొత్తదైతే ఇట్లా ఫ్యాను కింద కూచో, చల్లగా ఉంటాది" అన్నాడు.

కోపం తెచ్చుకోని మనిషితో కొట్లాడటం ఎంత కష్టమో వాదాలు చేసినవారికి తెలుసు! పైగా విశ్వాసాన్ని విమర్శించే పుస్తకాలు కూడా ఆయన తానే తెచ్చి నా ముందు పెట్టేవాడు. ఇవెందుకు ఉంచుకున్నారని అడిగితే, "ఎదుటివాడు ఏం అడుగుతాడో తెలియకుంటే మావోళ్ళు జవాబు ఎవురికి చెప్తారు?" అనేవాడు.

ఆ గదిలో రెండు అరల నిండా తెలుగు పుస్తకాలు ఉండేవి, ఎప్పుడో ఒక పాస్టరు కుటుంబం ఇచ్చినవి. వాటిని పొడుగు చూసి పేర్చారు, పెద్దవి పైన, చిన్నవి కింద. అందులో కీర్తనల వ్యాఖ్యానం ఒకటి తలకిందులుగా నిలబడి ఉంది. నాకు పండగే! "ఏందయ్యా ఇది, మీ దావీదు శీర్షాసనం వేస్తాండాడు!" అని గదంతా వినబడేట్టు అన్నాను. పాస్టర్లు తలలెత్తి చూశారు. ఆయన మాత్రం వచ్చి పుస్తకాన్ని తిప్పి చూసి, "రెండు పక్కలా నాకు ఒకే మాదిరి ఉండాది తంబీ. తెలుగు మాట్లాడేది వస్తాది, అక్షరం రాదు. మా ఇంట్లో ఎవురికీ రాదు" అన్నాడు.

మా ఊళ్ళో అది వింత కాదు. తెలుగు మాట్లాడే ఇళ్ళు ఎన్ని ఉన్నా, తెలుగు చదవగలిగేవారు అరుదు. మా తాత పట్టుబట్టి పలక మీద దిద్దించాడు కాబట్టి నాకు వచ్చింది. అందుకని ఆయన నన్ను ఒక పని అడిగాడు, ఒక్కో తెలుగు పుస్తకం పేరు చీటీ మీద రాసి, పైకి చదివి చెప్పమని. నేను గొప్పగా రాసిచ్చాను. నేను చదువుతుంటే ఆయన నా అక్షరాల కింద వేలు పెట్టి నడిపిస్తూ, పెదవులు కదిలిస్తూ తనలో తాను చెప్పుకునేవాడు. ముసలివాడి చాదస్తం అనుకున్నాను.

ఇక నేను చేసిన తప్పు చెబుతాను. ఆ తెలుగు పుస్తకాలు చదువుతూ వాటి అంచుల్లో పెన్సిలుతో వెక్కిరింతలు రాసేవాణ్ణి. సూర్యుణ్ణి చేయకముందే సాయంత్రం ఎట్లా అయింది? కయీనుకు పెళ్ళాం ఏ ఊరి నుంచి వచ్చింది? యోబును పరీక్షించడానికి అతని పిల్లలెందుకు చావాలి? పుస్తకాల్లో రాయకూడదని గోడ మీద పలక వేలాడుతూనే ఉంది, అయినా చదవగలిగేవాడే లేనప్పుడు పట్టుకునేదెవరు? మధ్యాహ్నం ఒక గుక్క వేసుకుని, నోట్లో యాలకులు నములుతూ వచ్చి, ఆ ఫ్యాను కింద కూర్చుని ధైర్యంగా రాసేవాణ్ణి.

రక్తం పడిన రోజు కూడా కాళ్ళు అక్కడికే తీసుకెళ్ళాయి. వెక్కిరించడానికి ఏమీ తోచలేదు. చేతికి దొరికిన ఆ కీర్తనల వ్యాఖ్యానమే తెరిచి, ఒక పుట అంచున రాశాను: "ఈ పొద్దున రక్తం పడింది. ఎవరికీ చెప్పలేదు. నాకు చావాలని లేదు." ఈ ఊళ్ళో ఎవరూ చదవలేని చోట రాసుకున్నాను కాబట్టి అది ఎవరికీ చెప్పినట్టు కాదు, అయినా చెప్పుకున్నట్టు ఉంది! పుస్తకం మూసి అరలో పెట్టి వచ్చేశాను. అయిదు వారాలు అటువైపు పోలేదు. రక్తం ఇంకో రెండుసార్లు పడింది. తాగడం మాత్రం మానలేదు.

వానలు పట్టిన ఒక మధ్యాహ్నం, తడవకుండా నిలబడటానికి చోటు లేక ఆ మెట్లెక్కాను. జ్ఞానమణి అయ్య బల్ల దగ్గర లేడు. అలవాటుగా తెలుగు అర దగ్గరికి పోయి ఆదికాండం వ్యాఖ్యానం తీశాను. నా రాతల పక్కన చిన్న చీటీలు! పలక మీద దిద్దే పిల్లల అక్షరాలంత పెద్దవి, వంకరవి: "కయీను. నాలుగో బీరువా, రెండో అర, నీలం అట్ట." ఇంకొకటి తీశాను, ప్రతి ప్రశ్నకూ ఒక చీటీ, ఏ పుస్తకంలో జవాబు వెతకాలో. యోబు పిల్లల దగ్గర మాత్రం, "ఇది నాకూ తెలియలా" అని ఉంది. వెంటనే కీర్తనల పుస్తకం తీశాను. ఆ వాక్యం అట్లాగే ఉంది. పక్కన చీటీ: "దీనికి పుస్తకం లేదు. నేను ఉండాను. రా."

వెనకనుంచి ఆయన గొంతు వినబడింది. "నీ చీటీలు చూసే నేర్చుకున్నాను తంబీ. ఒక మనిషి ఈడ కూచుని ఇన్ని అడిగి పోతాండాడు, ఏం అడిగినాడో తెలియకుంటే నేను ఈడ ఉండి ఏం లాభం? ఇది నిన్ననే చదవగలిగినాను. నీ ఇల్లు యాడో తెలియదు. ఆలస్యం అయిపోయిందేమోనని నిన్నటి నుంచి కూడు దిగలా."

ఆయన నా భుజం మీద చెయ్యి వేసి ప్రార్థించాడు. "అయ్యా, ఈ బిడ్డ శానా ప్రశ్నలడిగినాడు. నాకు చేతనైన కాడికి పుస్తకం చూపించినాను. ఈ ఒక్కదానికి నువ్వే రావాల. బిడ్డను చావనియ్యబాకు." నేను కూడా లోపల, జీవితంలో మొదటిసారి, ఒక ప్రార్థన చేశాను. "నువ్వు ఉన్నావో లేదో నాకింకా తేలలేదు. ఉంటే విను. నాకు భయంగా ఉంది."

ఆయనే నన్ను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. సరోజకు, అంటే నా భార్యకు, ఎట్లా చెప్పాలా అని నేను నీళ్ళు నములుతుంటే ఆమే అంది, "ఇప్పుడైనా నోరు తెరిచినావా? నాకు తెలీదనుకున్నావా? ఆ తొట్టి దినమూ తోమేది ఎవురు? నీ చెంబుడు నీళ్ళకు పోతాదా మరక?" ఇద్దరం ఒకే భయాన్ని ఒకే ఇంట్లో విడివిడిగా దాచుకున్నామన్నమాట! మరునాడు ముగ్గురం ఆసుపత్రికి వెళ్ళాం. మానకపోతే బతకవని వైద్యుడు ఖండితంగా చెప్పాడు. మందులు వాడాను. వైద్యుణ్ణీ మాత్రల్నీ తక్కువ చేసి చెప్పే సాక్ష్యం నాకు చేతకాదు సహోదరులారా, కానీ ఆసుపత్రి గడప దాకా నన్ను నడిపించిన చెయ్యి ఎవరిదో కూడా దాచను. దేవునికే మహిమ!

ఆసుపత్రి నుంచి వచ్చాక చేతులు వణికేవి, మధ్యాహ్నమైతే ఒళ్ళంతా సీసా అడిగేది. ఆ గంటల్లోనే రమ్మని జ్ఞానమణి అయ్య నాకు పని పెట్టాడు. జేబులోని రబ్బరు ముక్క ఇచ్చి, నా రాతలన్నీ నేనే చెరపాలన్నాడు, ఒక్కో ప్రశ్న చెరిపే ముందు చీటీలో చెప్పిన పుస్తకం తీసి చదవాలన్నాడు. వణికే చేత్తో పాత కాగితం చిరగకుండా రుద్దడం ఎంత కష్టమో! మూడో వారంలో ఒక రోజు తట్టుకోలేక తాగి వెళ్ళాను. ఆయన తిట్టలేదు. నా ముందున్న పుస్తకం తీసేసి, "ఈ పొద్దు రబ్బరు పట్టుకోవద్దు, పుట చిరుగుతాది. సుమ్మా కూచో, ఏమీ చెయ్యబాకు" అన్నాడు. పని లేకుండా ఆ ఫ్యాను కింద కూర్చున్న ఆ మధ్యాహ్నమంత పొడుగైనది నేనెరగను. తల వంచుకుని, "నాకు చేతకావడం లేదు, నువ్వే విడిపించు" అని ప్రార్థించాను. ఆ రోజు తరువాత ఈనాటి వరకు చుక్క ముట్టలేదు. ప్రభువుకు స్తోత్రం!

వాదంలో ఓడిపోయి నేను నమ్మలేదు. కొన్ని ప్రశ్నలకు జవాబులు దొరికాయి, కొన్నింటికి ఇప్పటికీ దొరకలేదు. దేవుడు మనుష్యుడై మన మధ్యకు దిగివచ్చాడని ప్రసంగాల్లో విన్నప్పుడు నవ్వేవాణ్ణి. తనను వెక్కిరించినవాడి బాధ తెలుసుకోవడానికి, ఆ వెక్కిరించినవాడి చేతిరాతలోనే అక్షరాలు దిద్దుకున్న ముసలి మనిషిని చూశాక నవ్వలేకపోయాను. ఇంత ప్రేమ మీకు ఎక్కడిదని అడిగితే ఆయన, "నాకూ ఒకరు ఇట్లే చేసినారు" అని గోడ మీది సిలువ వైపు చూశాడు. నేను ఆ వైపే నడిచాను.

జ్ఞానమణి అయ్య పోయిన ఏడాది ప్రభువు సన్నిధికి వెళ్ళాడు. ఆ పసుపు ఇల్లు ఇప్పుడు అతిథి గృహం, మెట్ల కింద పాస్టర్ల చెప్పులకు బదులు పూలకుండీలు. అన్నీ కంప్యూటర్‌లో దొరుకుతున్నప్పుడు గ్రంథాలయం ఎందుకని మన సంఘంలోనే కొందరు అడిగారు. దొరుకుతాయి, నిజమే. కానీ నిన్నటి నుంచి కూడు దిగలా అని ఏ కంప్యూటరైనా అంటుందా? లౌడ్‌స్పీకర్లు కొనే ఉత్సాహంలో సగం పుస్తకాల బీరువా మీద పెట్టండి, దాని దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టండి!

ఆ రెండు అరల తెలుగు పుస్తకాలు ఇప్పుడు కురుచికుప్పంలో మన ప్రార్థనా మందిరం పక్క గదిలో ఉన్నాయి, వాటిని చూసుకునేది నేనే. నా వెక్కిరింతలన్నీ చెరిగిపోయాయి. కీర్తనల పుస్తకంలో ఆ ఒక్క వాక్యం మాత్రం ఆయన చెరపనివ్వలేదు, "అది ప్రార్థన తంబీ, ఉండనీ" అన్నాడు. నన్ను బతికించిన దేవునికీ, నా పక్కన నిలిచిన సరోజకూ, ఆ తెల్ల చొక్కా మనిషికీ నా వందనాలు.

సహోదరుడా, సహోదరీ, ఎవరికీ చెప్పుకోలేని భయం ఏదైనా నీలో ఉంటే, దేవుడు ఉన్నాడో లేదో నీకింకా తేలకపోయినా సరే, ఆ గదికి రా. పుస్తకం తెరిచి, అంచున రాసుకుని వెళ్ళు. నేను చదువుతాను, నాకంటే ముందే చదివేవాడు ఉన్నాడు, ఆయన్ని నమ్ము. పెన్సిలు బల్ల మీదే ఉంటుంది.