మా తోట చర్చికి వంపు గోడ

ఇపో పట్నంలో మా పక్కింటికి కొత్త కప్పు వేస్తున్నారు. నిన్నటి వానకు తడిసిన చెక్కల వాసన వంటింటిదాకా వచ్చేసరికి చేతిలో పని పక్కన పెట్టి కూర్చుండిపోయాను.

నాకు తొమ్మిదేళ్ళు నిండి నాలుగు నెలలైనప్పుడు, మావాళ్ళు సముద్రం దాటొచ్చి కూలికి కుదిరిన బాగన్ దాతుక్ కొబ్బరితోటలో మా నాన్న చెక్కలతో చర్చి కట్టాడు. నమూనా ఫాదరుగారి పాత క్యాలెండరు బొమ్మ: మూడు వందల ఏళ్ళకు ముందు ఇటలీ శిల్పి ఒకాయన రోములో కట్టిన చర్చి, దాని రాతిగోడ అలలాగా ముందుకు ఉబికి మళ్ళీ వెనక్కి వాలుతుంది. అక్కడి పెద్ద చర్చి స్తంభం ఒక్కదానిలో ఈ బొమ్మలోది మొత్తం పట్టేస్తుందని ఫాదరుగారు చెబితే, నాన్న, "సిన్నదే కదండీ, మనకి సరిపోద్ది" అన్నాడు.

కూలీలమీద పెత్తనం చేసే మండోరు తాత మాత్రం, "ఏటిరా, గోడకి కడుపొచ్చినాదా?" అని అందరినీ నవ్వించాడు.

పడవలు కట్టేవాళ్ళ పద్ధతిలో పలకల్ని తొమ్మిది రోజులు ఉప్పుకాలవలో నానేసి, కొబ్బరిడొక్కల సెగమీద తిప్పుతూ వంచాలి. ఇరవై ఆరు కావాలి, ఉన్నవి ఇరవై ఎనిమిది. రోజులు లెక్కపెట్టే పని నాది. కొబ్బరిమట్టమీద కూర్చుని ఒకరినొకరు ఈడ్చుకునే ఆట మధ్యలో లేచివెళ్ళి, బొగ్గుతో రోజుకో గీత గీసేదాన్ని. తొమ్మిదో గీత నాడు తీసిన మొదటి పలక ఫట్‌మని విరిగింది.

"ఇంకో రెండు ఇరిగితే తిన్నగానే కొట్టించేస్తాను లా" అన్నాడు మండోరు తాత, అక్కడివాళ్ళలాగా మాట చివర "లా" తగిలిస్తూ.

పలకల్ని సాయంత్రం ముంచినా, ఆ పూటనే ఒక రోజుగా లెక్కేశానని అప్పుడు తట్టింది. ఏడుస్తూ చెప్పాను. నాన్న తిట్టలేదు. "అయితే రేపటిదాకా కూసుందామే" అని సెగ ఆర్పేశాడు.

మర్నాటినుంచి ఒక్కటీ విరగలేదు, గోడ అలలాగే లేచింది. ఈస్టరు నాడు, అమ్మ వేసిన బూరెల నూనెవాసన ఇంకా చేతులకుండగా, మండోరు తాత పక్కతోటవాళ్ళని వెంటబెట్టుకొచ్చి, "నానే దగ్గరుండి ఒంపించినాను" అని చెప్పుకుంటుంటే, నాన్న తల దించుకుని నవ్వుకున్నాడు.

ఆ చెక్కగోడ పోయింది. కిందటేడు వెళితే అక్కడ సిమెంటు చర్చి ఉంది, గోడ తిన్నగా ఉంది. ఎంత వెతికినా తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు, ఆగి చూడడానికీ ఏమీ దొరకలేదు.