గోడ బయటి పైపు

అడగకముందే అందరి మీదా వాన కురిపించే దేవునికి స్తోత్రం.

చర్ల దగ్గర మా ప్రార్థన మందిరం పక్కన సంఘం ఆర్‌ఓ ప్లాంటు పెట్టింది. ఆదివారం ఆరాధన మొదలవగానే మోటారు వేస్తారు. మంచినీళ్లు తీశాక ఫ్లోరైడు, ఉప్పుతో మిగిలే మురికి నీళ్లు గోడ బయటి పైపులోంచి పోతాయి. అవి బోరు నీళ్లకన్నా చెడ్డవి.

ఒక ఆదివారం నేను బయటికి వచ్చేసరికి అడవి పల్లె ముసలమ్మ ఒకామె ఆ పైపు కింద బిందె పెట్టి కూర్చుంది.

"ఈ నీళ్లెందుకమ్మా?"

"కోడలికి నెలలు నిండినయ్ అయ్యా. మీరు పాట ఎత్తుకోంగనే వస్తయి గదా, దేవుని నీళ్లని నాలుగు వారాల సంది తాపుతున్న."

నాకు ఒళ్లు మండింది. సంఘ పెద్దను నిలదీశాను.

"చూస్తనే ఉన్న. ఆమె మన సంఘం కాదు గదా. పారబోసేటి నీళ్లే, పట్టుకుంటే ఏం పోతది?" అన్నాడు.

దప్పిగొన్నవారి గురించి అతడు వాక్యం చదివి అరగంటైనా కాలేదు.

బిందె ఒంపేసి, మంచినీళ్ల నల్లా కింద నింపి ఆమె నెత్తికెత్తాను. నా కోపం ఇంకా చల్లారలేదు, చల్లార్చమని దేవుణ్ణి అడగను కూడా. ఆ కోడలూ, కడుపులోని బిడ్డా క్షేమంగా ఉండాలని మాత్రం మీరూ నాతో కలిసి ప్రార్థించండి.