చెమట ఆరిన మధ్యాహ్నం

మా బామ్మర్ది కొమురయ్యకు పిల్లను చూడడానికి గోదావరి అవతలి ఒడ్డుకు పోవాల్సి వచ్చింది. డెబ్బైల నాటి మాట. అప్పట్లో ఎండకాలం వస్తే గోదావరిఖని వైపు నుంచి ఏరు దాటడమంటే ఇసుకలో నడకే. నీళ్ళు ఒక పక్కన సన్నని పాయగా మోకాళ్ళ లోతున పారేవి. ఇప్పుడు ఆ ఇసుకలో నడవాలని ముచ్చటపడేవాళ్ళు నన్ను దారి అడుగుతున్నారు. రాత్రిబడిలో నాలుగు అక్షరాలు దిద్దుకున్నవాణ్ణి, అయినా ఆ ఎండ సంగతి నాకంటే బాగా చెప్పగలవాళ్ళు తక్కువ.

ఇద్దరం బొగ్గుబాయిలో, అదే గనిలో, పనివాళ్ళమే. రాత్రి షిఫ్టు దిగి పొద్దున ఏడింటికి క్వార్టరుకు వచ్చాం. కంటిమీద కునుకు లేదు. కొమురయ్య మంగలి దగ్గరికి పోయి క్రాపు చేయించుకొని, కొత్త టెర్లిన్ అంగీ తొడిగేసరికి పదిన్నర దాటింది.

"తలకు తువ్వాల సుట్టుకో తమ్మీ," అంది నా భార్య.

"క్రాపు చెడ్తదక్కా. బాయిల ఉడికి ఉడికి ఉన్నోళ్ళం, ఈ ఎండ మాకేంది?"

ఒడ్డుదాకా దింపితే అర్ధరూపాయి ఇస్తామన్నా రిక్షా కరీం భాయ్ కదలలేదు. "ఈ ఎండల టైరే పేల్తది. మీ నెత్తి గట్టిదేమో గానీ నా రబ్బరు గట్టిది కాదు. పొద్దుగూకినంక పోరాదు కాకా?" అన్నాడు. పిల్ల తరఫువాళ్ళు ఎదురుచూస్తుంటారని నడిచే పోయాం.

ఒడ్డు దిగగానే ఆగి చుట్టూ చూశాను. బాయిలో మనకు కనబడేది నెత్తిమీది దీపం వెలుగు పడ్డంత జాగానే. ఇక్కడ కనుచూపు మేరా తెల్లటి ఇసుక, దాని మీద ఒక్క చెట్టు లేదు, పిట్ట లేదు. నీడ మా కాళ్ళ కిందికే ముడుచుకుపోయింది. దూరాన నీళ్ళు మెరిసినట్టుండేది, దగ్గరికి పోతే అదీ ఇసుకే. కింది నుంచి సెగ, పై నుంచి సెగ. ఇంత అగ్గిని రోజూ ఒక్కడే మోసుకొస్తున్న సూర్యుడికి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. నిజంగానే పెట్టాను.

సగం దాటాక కొమురయ్య నవ్వాడు. "బావా, సూడు, చెమట ఆరింది. గాలి తగుల్తున్నది."

నాకూ సంబరమే అయింది. బాయిలో గాలి ఆడనిచోట చెమట కాలువలు కడుతుంది. మంచి గాలి వచ్చే దారికి చేరితే అది ఆరిపోయి ప్రాణం లేచి వస్తుంది. చెమట ఆరిందంటే గండం గట్టెక్కినట్టే మా లెక్క. కొంచెం దూరం పోయాక వాడు "దీపం ఆర్పు బావా, కండ్లల్ల కొడ్తున్నది" అంటూ పక్కకు తూలి పడిపోయాడు. ఒళ్ళు ముట్టుకుంటే పెనంలా కాలుతోంది.

దగ్గర్లో ఇసుకలో పుచ్చతోట, ఒక గుడిసె కనబడ్డాయి. భుజాన వేసుకొని పరుగెత్తాను. తోట కాసే ముసలవ్వ లేచి వచ్చి వాడి ఒళ్ళు తడిమింది.

"చెమట ఎప్పటిసంది లేదు?"

"శానసేపయ్యిందవ్వా. గాలి తగిలి సల్లవడ్డడనుకున్న."

"సల్లవడుడా! ఇంకింతసేపైతే మొత్తానికే సల్లవడునురా! అంగీ ఇప్పు!"

ఇసుకలో తోడుకున్న చెలిమె నుంచి నీళ్ళు తెచ్చి వాడి తల మీద, చంకల్లో, తొడల మీద కుమ్మరించింది. తడి గుడ్డ కప్పి నన్ను విసరమంది. నేను వాడి నోట్లో నీళ్ళు పోయబోతే చెయ్యి మీద ఒక్కటి వేసింది. "సోయి లేనోని నోట్లె పోస్తరా? పొలమారి సస్తడు!"

విసిరి విసిరి నా చేతులు పడిపోయాయి. వాళ్ళక్కకు ఏ మొహం చూపించాలి అనేదొక్కటే నా మనసులో. చాలాసేపటికి వాడి నుదుటి మీద సన్నగా చెమట పట్టింది. కన్ను తెరిచి, "బావా, షిఫ్టు దిగినమా?" అన్నాడు. నేను ఏడ్చాను. అవ్వ మాత్రం, "దిగినవ్ బిడ్డా. మల్ల ఎక్కకు," అని నవ్వి, అప్పుడు గుక్కెడు గుక్కెడుగా నీళ్ళు తాగించింది.

ఎండ చల్లబడ్డాక తోటవాళ్ళ బండిలో ఇవతలి ఒడ్డుకు వచ్చి దవాఖానకు పోయాం. మర్నాటికి వాడి మెడ, మొహం, చేతులు బొబ్బలెక్కాయి, తర్వాత తోలు పొరలుపొరలుగా ఊడింది. "నేల కింద బతికే చర్మానికి ఎండ అలవాటుండదు, మెల్లమెల్లగా చూపించాలి," అన్నాడు డాక్టరు. కబురు విని పిల్ల తండ్రే ఏరు దాటి వచ్చాడు, తెల్లవారుజామున. తోలూడిన పెళ్ళికొడుకును చూసి, "కొత్త తోలు వచ్చినంక లగ్గం పెట్టుకుందాం," అన్నాడు. అన్నట్టే పెట్టుకున్నాం.

బండ పగలగొట్టినవాణ్ణి, కప్పు కూలే చప్పుడు విన్నవాణ్ణి. దేనికీ తల వంచలేదు. ఆ సూర్యుడి ముందు మాత్రం నేను గడ్డిపోచను. అది చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. ఆ ఇసుకలో నడవాలనుకునేవాళ్ళు పొద్దు పొడవకముందే దిగండి, ఎనిమిదింటికల్లా ఒడ్డెక్కండి. పక్కవాడి ఒళ్ళు కాలుతూ మాట తడబడితే ఇక ఒక్క అడుగు కూడా వేయించకండి. చెమట పడుతున్నది కదా అని ఊరుకోకుండా, నీడకు చేర్చి ఒళ్ళంతా తడిపి, విసురుతూ దవాఖానకు మోసుకుపోండి.