ఫోటో తీయనని చెప్పి

‘ఉచితం’ అనే మాట చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మా క్లాసు గురించి ఎవరు కరపత్రం వేసినా ‘పేద పిల్లలకు ఉచిత నృత్య శిక్షణ’ అని పెద్దక్షరాల్లో వేస్తారు. ఇన్నేళ్ళలో ఊరికే ఇచ్చినవాడిని ఒక్కడిని చూడలేదు నేను. నాలుగు బిస్కెట్ పొట్లాలు తెచ్చినాయన కూడా పిల్లల్ని వరసగా నిలబెట్టి, పొట్లాం సగం తన చేతిలో, సగం పిల్ల చేతిలో ఉండగా ఫోటో తీయించుకుని గాని వదలడు. అది నాకు మొదటినుంచీ తెలుసు. తెలిసీ చేసిన పని గురించే ఇది రాస్తున్నాను.

శ్రీకాకుళం నుంచి అరసవల్లి వెళ్ళే దారిలో ఒక బట్టల కొట్టు షావుకారుగారి గోడౌన్ ఉంది. దాని మీద పొడుగాటి హాలు, అద్దె లేకుండా ఇచ్చాడు. అందులో ప్రతి ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు పిల్లలకు డాన్సు చెబుతాను. చిన్నప్పుడు విజయనగరంలో నేర్చుకున్నాను, పెళ్ళయ్యాక గజ్జెలు అటకెక్కాయి. బ్యాంకులో గుమస్తా ఉద్యోగం చేసుకుంటూ నలభై దాటాక మళ్ళీ దింపాను. వచ్చే పిల్లలంతా వెనక లైను ఇళ్ళవాళ్ళు. తల్లులు లాడ్జీల్లో దుప్పట్లు ఉతుకుతారు, తండ్రులు ఆటోలు తోలుతారు, తాపీపనికి పోతారు. ఆదివారం సూర్యదేవుడి గుడికి జనం విరగబడి వస్తారు కాబట్టి ఆ రోజు ఏ ఇంట్లోనూ పెద్దవాళ్ళుండరు. పిల్లలు వైన్ షాపు వెనక గోడ దగ్గర చేరతారు. అక్కడ ఏం కాలుస్తారో వాసనను బట్టి ఎవరైనా చెప్పగలరు.

డాన్సు నేర్పితే పిల్లలు బాగుపడిపోతారని నేనెప్పుడూ అనలేదు. రెండేళ్ళు నా దగ్గర నేర్చుకున్న కుర్రాడొకడు గంజాయి పొట్లాలు మోస్తూ దొరికిపోయి జైల్లో ఉన్నాడు. వాడి కాళ్ళలో ఎంత తాళం ఉండేదో ఇప్పటికీ తలుచుకుంటాను. ఆ రెండు గంటలూ మాత్రం నా కళ్ళముందు ఉంటారు, గోడ వెనక ఉండరు. నేను చేయగలిగింది అంతే.

ఆ అమ్మాయి తొమ్మిదో తరగతిలో వచ్చింది. పొద్దున్నే తల్లితో లాడ్జీకి వెళ్ళి దుప్పట్లు తొక్కి, అక్కడినుంచి తడి పావడాతోనే మెట్లెక్కేది. అడుగు ఒక్కసారి చూపిస్తే చాలు, రెండోసారి నాకంటే శుభ్రంగా వేసేది. ఎలా సాధన చేస్తున్నావే అని అడిగితే, “తొట్లో దుప్పట్లు తొక్కుతాను కద మేడమ్, తొక్కేటప్పుడే ఏసేస్తాను,” అంది. నాకు కుళ్ళు పుట్టింది. నిజం చెప్పాలి కదా, నాకు అంత బాగా ఎప్పుడూ రాలేదు.

రెండో వారం వాళ్ళ నాన్న వచ్చాడు. ఆటో కింద నిలిపి, చెప్పులు మెట్ల దగ్గరే విడిచి వచ్చాడు గానీ గుమ్మం దాటి లోపలికి రాలేదు.

“మేడమ్ గారూ, మా గుంట డాన్సుకి ఎల్తానని ఏడుస్తన్నాది. నేర్పండి, నాను కాదన్ను. గానీ స్టేజీ ఎక్కించకండి. ఫోటో, వీడియో తియ్యకండి. ఇది ఒక్కటీ నాకు మాటివ్వండి.”

ఎందుకని అడిగాను. చెప్పకపోయినా బాగుండేదనిపించేలా చెప్పాడు. వాళ్ళది బొబ్బిలి దగ్గర పల్లె. ఆయన చెల్లెలు రికార్డింగు డాన్సులకి వెళ్ళిపోయింది. మా వైపు జాతరల్లో రాత్రంతా స్టేజీ మీద సినిమా పాటలకి ఆడపిల్లల చేత ఆడిస్తారు, కింద తాగినవాళ్ళు నోట్లు విసురుతూ చేతులు చాస్తారు. అదీ రికార్డింగు డాన్సు. “మూడేళ్ళకి ఆస్పత్రి నుంచి కబురొచ్చింది. నానే ఎల్లి బండి మీద తెచ్చుకున్నాను. ఊర్లో దహనం సెయ్యడానికి కూడా ఎవులూ రానేదు,” అన్నాడు. ఆ తర్వాత ఊళ్ళో తల ఎత్తుకోలేక ఇక్కడికి వచ్చేశారు.

“మాది ఆ డాన్సు కాదండీ. అయినా సరే, మాటిస్తున్నాను,” అన్నాను.

మూడేళ్ళు నిలబెట్టుకున్నాను. ఎవరైనా ఫోటోలకి వస్తున్నారంటే ఆ అమ్మాయికి బిందె ఇచ్చి మంచినీళ్ళకి కిందికి పంపేసేదాన్ని. ఇంటర్ రెండో సంవత్సరానికి వచ్చేసరికి చిన్నపిల్లల వరసలన్నీ తనే చూసుకునేది. విజయనగరంలో నాట్యంలో డిప్లొమా చేస్తే టీచరు పని దొరుకుతుందని నేనే ఆశ పెట్టాను. తండ్రి ముందు వద్దన్నాడు. నెల రోజులు పోరితే, పిల్లలకి పాఠం చెప్పే పని స్టేజీ కాదు కదా అని మెత్తబడ్డాడు. ఫారం నా దగ్గర్నుంచి తనే తీసుకెళ్ళాడు. “పరీక్షలవ్వగానే నా ఆటోలోనే ఇజీనారం దించుతాను దాన్ని. దారి పొడుగూ హారను కొట్టుకుంటూ ఎల్తాను,” అని నవ్వాడు. ఆయన నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

షావుకారుగారి మనవరాలికి ఓణీల ఫంక్షన్ వచ్చింది. ఆయన కబురుపెట్టి, “మన పిల్లలు ఒక ఐటెం వేస్తే నిండుగా ఉంటుంది కదమ్మా,” అన్నాడు. ఆ వెంటనే, ఈసారి పండగ సరుకు ఎక్కువగా దింపుతున్నామని, పెట్టడానికి చోటు చాలడం లేదని, పై హాలు కూడా వాడుకోవాలేమో చూడాలని మామూలుగా అన్నాడు. ఆయన ఎప్పుడూ గట్టిగా మాట్లాడడు, మాట్లాడాల్సిన అవసరం ఆయనకి లేదు. నాకు అర్థమైంది.

ముందు నిలబడే పిల్ల లేకపోతే మా ఐటెం గోదాట్లో కలిసినట్టే. ముందు నిలబడేది ఆ అమ్మాయే. నాలోని గుమస్తా బుర్ర వెంటనే పనిచేసింది. కల్యాణమండపం స్టేజీ కాదు, అది ఒక ఇంటి వేడుక, చూసేది ఆడవాళ్ళు. తండ్రి వద్దన్నది జాతర స్టేజీ. ఇలా ఒక్కొక్క మాటే పేర్చుకుని నన్ను నేనే నమ్మించుకున్నాను.

“మీ నాన్నకి నేను తర్వాత చెబుతాలే,” అన్నాను ఆ అమ్మాయితో.

ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, “మీరు సెప్తే ఎల్తాను మేడమ్,” అంది.

ఆ రోజు ఎలా ఆడిందో రాయడానికి నాకు చేతకాదు. భోజనాలకి కూర్చున్నవాళ్ళు కూడా లేచి వచ్చి చూశారు. ఫోన్ తీశాను. ఎవరో తీశారని చెప్పుకోవడానికి లేదు, నా ఫోన్, నా చెయ్యి. మూడు నిమిషాల వీడియో. ఇంటికి వచ్చి దాన్ని దాతలందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద ‘మన పేద పిల్లల ప్రతిభ’ అని రాశాను. దండాలు, చప్పట్లు, పూలు వచ్చి పడ్డాయి. వచ్చినవన్నీ ఒక్కటీ వదలకుండా చూసుకున్నాను.

నాలుగో రోజు బ్యాంకులో గేటు దగ్గర కూర్చునే సెక్యూరిటీ అతను ఫోన్ చూసి ముసిముసిగా నవ్వుకుంటున్నాడు. పాట విని, జాతర పాటేదో పెట్టుకున్నాడనుకున్నాను. దగ్గరికి వెళ్తే అది మా వీడియో. పాట మార్చేశారు. నడుము కదిలిన చోటల్లా నెమ్మది చేసి, మళ్ళీ మళ్ళీ తిప్పారు. చివర్న ఆ అమ్మాయి మొహం పెద్దది చేసి ఆపారు. అరసవల్లి ఆటో స్టాండులో అప్పటికే అందరూ చూసేశారట. కొందరు తండ్రి ఆటో ఎక్కి మరీ ఆ వీడియో పెట్టారట.

ఆదివారం ఆ అమ్మాయి రాలేదు. సోమవారం సెలవు పెట్టి వాళ్ళింటికి వెళ్ళాను. నిజం చెప్పేయాలనే వెళ్ళాను. తల్లి కుర్చీ వేసింది. ఆ అమ్మాయి పొయ్యి దగ్గర నిలబడి ఉంది, ఒక చెంప వాచి ఉంది. తండ్రి నన్ను చూసి లేచి నిలబడి చేతులు జోడించాడు. నేను నోరు తెరిచేలోపే మొదలుపెట్టాడు.

“అమ్మా, మీకు మొకం సూపించనేకపోతన్నాను. గుంట నిజం సెప్పీసింది. మీరు వద్దన్నా ఇనకుండా ఆ ఫంక్షన్‌కి ఎల్లిందంట. జతకత్తె ఫోన్లో వీడియో తీయించుకుని అదే అందరికీ పంపీసిందంట. మీరు మాట మీద నిలబడ్డారు. నా కడుపున పుట్టిందే నా పరువు తీసీసింది.”

నేను ఆ అమ్మాయి వైపు చూశాను. ఆమె సూటిగా నన్నే చూస్తోంది. నేను తీశానని తెలిస్తే ఆయన హాలు మీదికి వస్తాడని, క్లాసు మూతపడుతుందని భయపడిందో, వాళ్ళ నాన్న నమ్మిన ఒక్క మనిషినైనా ఆయనకి మిగల్చాలనుకుందో నాకు తెలియదు. అబద్ధం చెప్పి దెబ్బలు తింది, అది మాత్రం తెలుసు.

చెప్పాలి. మాట గొంతుదాకా వచ్చింది. ఆ క్షణంలో నాకు హాలు గుర్తొచ్చింది, షావుకారు గుర్తొచ్చాడు, నలభైమంది పిల్లలు గుర్తొచ్చారు. వాళ్ళందరికంటే ముందు నా పరువు గుర్తొచ్చింది. ఆ వరస కూడా దాచుకోకుండా రాస్తున్నాను.

“పోనీండి, చిన్నపిల్ల. ఏదో తెలియక చేసింది. క్షమించెయ్యండి,” అన్నాను.

ఆ మాట నేనే అన్నాను, ఈ నోటితోనే. ఆ అమ్మాయి గిన్నె దింపుకోవడానికన్నట్టు అటు తిరిగిపోయింది. తల్లి ఇచ్చిన టీ తాగి వచ్చేశాను.

పరీక్షలయ్యాక ఆ అమ్మాయిని భోగాపురం అవతల సముద్రం వైపు ఉన్న రొయ్యల కంపెనీలో పెట్టారు. అక్కడే హాస్టలు, నెలకోసారి ఇంటికి. డిప్లొమా ఫారం తండ్రి తెచ్చి నాకు తిరిగి ఇచ్చాడు, ఇంకెవరికైనా పనికొస్తుందని. పేరు, పుట్టినరోజు, తండ్రి సంతకం అన్నీ నింపి ఉన్నాయి. నింపిన ఫారం ఎవరికి పనికొస్తుంది? ఒకసారి బస్టాండులో ఆ అమ్మాయి కనిపించింది. రోజంతా ఐసునీళ్ళలో ఉండి వేళ్ళ చివర్లు తోలు లేచి తెల్లగా ఉన్నాయి.

“క్లాసు నడుస్తన్నాదా మేడమ్?” అని అడిగింది.

“నడుస్తోంది,” అన్నాను.

“మరింకేటి,” అని బస్సెక్కింది. ఆమె చెయ్యి పట్టుకుని ఏడవాలనిపించింది. చుట్టూ జనం ఉన్నారని ఊరుకున్నాను.

మొన్న బడులు తెరిచాక తండ్రి మళ్ళీ వచ్చాడు, ఏడో తరగతి చదువుతున్న రెండో కూతుర్ని వెంటబెట్టుకుని. ఈసారీ గుమ్మం బయటే నిలబడ్డాడు.

“పెద్దదానికి బుద్ధి నేకపోయింది. దీన్నయినా మీ సేతిలో పెడతన్నాను. సెరతు అదే అమ్మా. నాకు ఈ ఊర్లో మాట మీద నిలబడే మనిషి మీరొక్కలే కనబడ్డారు.”

చెప్పడానికి దేవుడిచ్చిన రెండో అవకాశం అది. “అలాగేనండి,” అన్నాను. ఆయన దండం పెట్టి మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆ పిల్లకి అక్క కాళ్ళు రాలేదు. తాళం తప్పుతుంది, తప్పినప్పుడల్లా నాలిక కరుచుకుంటుంది. రెండో ఆదివారం క్లాసు మధ్యలో టైము ఎంతయిందో చూద్దామని సంచిలోంచి ఫోన్ తీశాను. తల ఎత్తేసరికి వరసలో ఆ పిల్ల లేదు. మెట్ల దగ్గర గోడకి వీపు ఆనించి నిలబడి ఉంది. దగ్గరికి వెళ్ళి, ఏమైందే అని అడిగాను.

“అక్క సెప్పింది మేడమ్. మీ సేతిలో ఫోన్ కనబడితే మెట్లకాడికి ఎల్లిపోమని.”

“మీ నాన్నకి కూడా చెప్పిందా?”

“నేదు మేడమ్. నాన్నకి ఎప్పుడూ సెప్పొద్దంది.”

ఫోన్ సంచిలో పెట్టి, “రా, వరసలోకి రా,” అన్నాను. ఆ పిల్ల నా రెండు చేతుల్లోకీ చూసి గాని రాలేదు.