బాగున్నాడంటే భయం

మొన్న బరంపురంలో మా మనవరాలు సెల్‌ఫోను ముందు పెట్టుకుని స్పానిష్ నేర్చుకుంటోంది. ఫోను ఒక మాట పలుకుతుంది, కింద దాని ఇంగ్లీషు అర్థం పడుతుంది. నేను పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. "ఎస్తా బియెన్" అంది ఫోను. చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. ఆ మాటకి అర్థం నాకు పిల్ల చెప్పక్కర్లేదు. బాగున్నాడు అని.

మా ఆయన సరుకు ఓడలో ఇంజను పని చేసేవారు. అప్పట్లో గోపాల్‌పూర్‌లో ఉండేవాళ్లం. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, బడిలో ఇంగ్లీషు చాలవన్నట్టు సెలవులకొచ్చినప్పుడల్లా ఈయన నాలుగోది తగిలించేవారు. మంచినీళ్లకి "ఆగ్వా" అని కేకేస్తే, ఏ భాషలో అడిగినా నుయ్యి ఒక్కటేనని మా అత్తగారు విసుక్కునేవారు. ఏదో రేవులో కొన్న స్పానిష్-ఇంగ్లీషు మాటల పుస్తకం నాకు వదిలి వెళ్లారు. పదో తరగతి దాకా చదివినదాన్ని కదా, అన్నం ఉడికేలోగా తిరగేసేదాన్ని.

ఒకసారి ఓడ కంపెనీ వాళ్లు ఫోను చేసి, ఆయనకి కడుపునొప్పి వస్తే దక్షిణ అమెరికాలో ఒక రేవులో దింపామనీ, ఆపరేషను చేస్తారనీ, ఆసుపత్రి వాళ్లే కబురు చెబుతారనీ అన్నారు. మర్నాడు మధ్యాహ్నం ఒక నర్సు ఫోను చేసింది. ఆవిడకి ఇంగ్లీషు రాదు. స్పానిష్‌లోనే మెల్లగా, బుజ్జగిస్తున్నట్టు నాలుగు ముక్కలు చెప్పి పెట్టేసింది. విన్నది విన్నట్టు తెలుగక్షరాల్లో రాసుకుని, పుస్తకంలో వెతికి, ఇంగ్లీషులోంచి తెలుగు చేసి అత్తగారికి చెప్పాను. బాగున్నాడట, కంగారుపడొద్దట, నిద్రపోతున్నాడట.

ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"బాగున్నాడని సెప్పడానికి ఎవులైనా అంత దూరం నుంచి ఫోను సేత్తారేటే?"

మా వైపు చావు కబురు చావని చెప్పరు. ఖల్లికోటలో అత్తగారి అన్నగారు పోయినప్పుడు వచ్చిన మనిషి కూడా, బాగానే ఉన్నాడు, ఓసారి చూసొద్దువు రమ్మన్నాడు. విన్నాక ముద్ద దిగదని, బయల్దేరే ముందు ఆవిడ చేత అన్నం తినిపించాడు. నర్సు గొంతులో ఆ మెత్తదనం ఎందుకో నాకప్పుడు తట్టింది. పుస్తకం మళ్లీ తీశాను. అందులో ఇంగ్లీషు అర్థం ఎంత చల్లగా ఉంటే నాకంత భయం వేసింది.

అత్తగారు ఏడవలేదు. వెళ్లి కంచం పెట్టి, అన్నం వడ్డించి, నా భుజం పట్టుకుని కూర్చోబెట్టారు.

"ముందల నాలుగు ముద్దలు తినీయమ్మా."

దాంతో నాకున్న కాస్త ఆశా పోయింది.

దీపాల వేళకి మళ్లీ ఫోను మోగింది. ఎత్తడానికి చెయ్యి రాలేదు. ఎత్తితే మా ఆయన, నీరసంగా. "ఏటే, బాగున్నానని నర్సమ్మ సెప్పిందా?" చెప్పింది, మేమే నమ్మలేదని అనబోయి ఏడ్చేశాను. అత్తగారు ఫోను లాక్కుని, కొడుకు ఊపిరి వింటూ నిలబడిపోయారు.

ఆ తర్వాత ఆయన ఇల్లు చేరి, ముసలివారై, నాతో పోట్లాడి పోట్లాడి, చివరికి ఇంట్లోనే కన్నుమూశారు. ఆ ఏళ్లన్నీ ఎప్పుడు గడిచాయో తెలియలేదు గానీ, ఆ ఒక్క మధ్యాహ్నం మాత్రం నాకింకా గడవలేదు.