స్టీరింగ్ దగ్గర దాచిన నొప్పి

నాకు మొదటిసారి ఒంట్లో తేడా చేసిన రోజు మా ఊరి అంబులెన్సులోకి ఒక ముసలాయన్ని ఎక్కిస్తున్నాను. ఛాతీ మధ్యలో ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టయింది. దవడ లాగింది, చెమట పట్టింది. పది నిమిషాల్లో తగ్గిపోయింది. గ్యాస్ అనుకుని ఒక మాత్ర వేసుకున్నాను.

నేను కోడూరు దగ్గర పల్లెలో ఎలిమెంటరీ స్కూల్ టీచర్ని. అప్పట్లో ఫోన్ చేస్తే వచ్చే అంబులెన్సులు మా వైపు లేవు. మా చర్చివాళ్ళూ, చేపల వేటకి వెళ్ళేవాళ్ళూ కలిసి ఒక పాత వ్యాన్ కొని అంబులెన్సుగా మార్చారు. జీతం లేకుండా నడిపేవాళ్ళం ఇద్దరం, నేనూ, ట్రాక్టర్ మెకానిక్ సుబ్బారావూ.

తర్వాత మూడు వారాల్లో ఆ నొప్పి నాలుగుసార్లు వచ్చింది. సుబ్బారావుకి ఒక్క మాట చెబితే నా బదులు అతనే వెళ్ళేవాడు. చెప్పలేదు. "మాస్టారుంటే భయం లేదు" అని జనం అంటుంటే వినడం నాకిష్టం. ఆ ఇష్టమే నా నోరు మూసింది. మా ఆవిడ సుజాత "మొహం అలా పీక్కుపోయిందేంటండీ?" అనడిగితే ఎండ వల్ల అన్నాను.

ఒక మధ్యాహ్నం నాగలక్ష్మి అనే అమ్మాయిని పురిటికి అవనిగడ్డ తీసుకెళ్ళాను. తొలికాన్పు. అక్కడి డాక్టరమ్మ చూసి, "ఫీటల్ డిస్ట్రెస్. బిడ్డ హార్ట్ బీట్ తగ్గుతోంది. సిజేరియన్ చెయ్యాలి, వెంటనే బందరు తీసుకెళ్ళండి" అంది. ఆసుపత్రి మెట్లు దిగుతుండగానే నాకు నొప్పి మొదలైంది. అక్కడ అడిగితే ఇంకో డ్రైవర్ దొరికేవాడు. నేను అడగలేదు.

చల్లపల్లి దాటాక ఎడమచెయ్యి మొద్దుబారింది. కళ్ళు బైర్లు కమ్మాయి. ఎలాగో బ్రేక్ తొక్కాను. వ్యాన్ రోడ్డు దిగి కాలవగట్టు బురదలో కూరుకుపోయింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. వెనక కూర్చున్న నాగలక్ష్మి అత్త వెంకాయమ్మ దిగి, రోడ్డుకి అడ్డంగా నిలబడి ఒక లారీని ఆపింది. ఆ డ్రైవర్ తాడు కట్టి వ్యాన్ని పైకి లాగి, లారీ అక్కడే వదిలేసి, మా వ్యాన్ తనే నడుపుతూ మమ్మల్ని తీసుకెళ్ళాడు. నన్ను నాగలక్ష్మి పక్కనే పడుకోబెట్టారు. ఆమె మూలుగులు వింటూ బందరు చేరాను. దారిలో ముప్పావుగంట పోయింది.

ఈసీజీ తీసి డ్యూటీ డాక్టర్ "ఇన్ఫీరియర్ వాల్ ఎం.ఐ. గుండెపోటు వచ్చింది మీకు" అన్నాడు. "నొప్పి ఎప్పట్నుంచి?"

"ఇవాళే సార్."

ఆయన కాగితం మళ్ళీ చూశాడు. "ఇందులో పాత మార్పులు కూడా ఉన్నాయే!"

నేను కళ్ళు మూసుకున్నాను. రక్తం గడ్డని కరిగించే స్ట్రెప్టోకైనేజ్ ఎక్కించారు.

మూడో రోజు సుజాత చెప్పింది, నాగలక్ష్మికి పుట్టిన మగబిడ్డలో ప్రాణం లేదని. రౌండ్స్‌కి వచ్చిన డాక్టర్‌ని, ఆ ముప్పావుగంట పోకపోతే బతికేవాడా అనడిగాను. "చెప్పలేం మాస్టారూ. త్వరగా వచ్చినా దక్కకపోవచ్చు. దక్కేవాడేమో కూడా" అన్నాడు.

విజయవాడలో యాంజియోగ్రామ్ చేశారు. రెండు బ్లాకులు, రెండు స్టెంట్లు. ఇంటికొచ్చేసరికి ఊళ్ళో నా పేరు మారుమోగుతోంది. గుండెపోటు వచ్చినా బ్రేక్ వేసి అందరినీ కాపాడానట! చర్చిలో నా కోసం ప్రార్థన చేశారు. వెంకాయమ్మ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. "నీ పేణం అడ్డేసి మా కోడల్ని దక్కించావు బాబూ!" అంది. నేను తల దించుకుని ఊరుకున్నాను.

ఆ రోజు నుంచి మందులు మానేశాను. సుజాత ఎదురుగా మాత్ర నోట్లో వేసుకుని, పెరట్లోకి వెళ్ళి ఉమ్మేసేవాణ్ణి. కొన్నాళ్ళకి కాళ్ళు వాచాయి. పడుకుంటే ఊపిరాడేది కాదు. మళ్ళీ అడ్మిట్ చేశారు. "హార్ట్ ఫెయిల్యూర్. లంగ్స్‌లో నీరు చేరింది. మందులు మానేశారా?" అని డాక్టర్ అడిగాడు. ఈసారి సుజాత వింటుండగానే అన్నీ చెప్పాను.

తను ఏడవలేదు, తిట్టలేదు. "నాకు కాదండీ, ఆ పిల్లకి చెప్పండి" అంది.

నడవగలిగాక వెళ్ళాను. నాగలక్ష్మి ఇంటి ముందు చేపలు ఎండేస్తోంది. మూడు వారాల నొప్పి సంగతీ, అవనిగడ్డ మెట్ల సంగతీ చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఆ మెట్లకాడ చెప్పుంటే ఇంకో డ్రైవరొచ్చేవోడు గదండీ?"

"వచ్చేవాడమ్మా."

ఆమె వంగి ఒక చేపని తిరగేసింది. "మందులు మానేశారంట. మీరు పోతే నా బిడ్డ తిరిగొస్తాడా మేస్టారూ? ఏసుకోండి."

క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. ఆ తర్వాతి ఆదివారం చర్చిలో అందరి ముందూ నిలబడి అదే నిజం చెప్పాను. కొందరు నాతో మాట్లాడటం మానేశారు.

ఇది జరిగి ఆరేళ్ళు. పూట తప్పకుండా మాత్రలు వేసుకుంటున్నాను, ఉప్పు తగ్గించాను. గుండె పంపింగ్ కొంత మెరుగైందన్నారు. అంబులెన్స్ నడపను, ఫోన్ దగ్గర కూర్చుంటాను. డ్రైవర్లు ఇప్పుడు ఐదుగురు. తాళం ఇచ్చే ముందు ప్రతివాణ్ణీ ఒంట్లో ఎలా ఉందని అడుగుతాను. విసుక్కుంటారు. అయినా అడుగుతాను. నాగలక్ష్మికి తర్వాత కూతురు పుట్టింది. ఎదురుపడితే "బాగున్నారా?" అంటుంది, అంతకుమించి మాట్లాడదు.

చదివేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒక్కటే. ఛాతీలో బరువుగా ఉన్నా, దవడ లాగినా, ఊరికే చెమట పట్టినా గ్యాస్ అని మీరే తేల్చేసుకోకండి. నడిపే బండి పక్కకి ఆపి, దగ్గరున్న మనిషికి నోరు తెరిచి చెప్పి, ఈసీజీకి వెళ్ళండి. మీరు లేకపోతే పని ఆగిపోతుందనుకోకండి. బండి నడపడానికి ఇంకొకరు దొరుకుతారు. ఆ రోజు నాకూ దొరికేవారు.